చత్వారం, భూతద్దం, బిట్రగుంట

(అభిరుచుల వేదిక మీద చేసిన ప్రసంగం పాఠం)

పక్క హాల్లో సినిమా తారల కార్యక్రమం జరుగుతుంటే దాన్ని వదులుకుని ఈ చిన్న గదిలోకి వచ్చిన మీ అందరికీ నమస్కారం. దారి తప్పి వచ్చినవాళ్ళకి ఇంకో నమస్కారం. తలుపు అటువైపు ఉంది, లేచి వెళ్ళినా నేనేమీ అనుకోను.

"భూతద్దాల ఎంపిక" అని విషయం రాసి పంపిస్తే, కమిటీలో ఎవరో మొదటి రెండక్షరాలు చదివి నన్ను ఆధ్యాత్మిక విభాగంలో వేశారట. తర్వాత ఫోన్ చేసి, "భూతవైద్యం కాదాండీ?" అని కొంచెం నిరాశగా అడిగారు. కాదండీ. చిన్న చిన్న వస్తువులతో మోడళ్ళు చేసుకునేవాళ్ళు కంటిముందు పెట్టుకునే అద్దం గురించీ, దానికుండే లైటు గురించీ మాత్రమే మాట్లాడతాను. మోడళ్ళు చెయ్యనివాళ్ళు కూడా కాసేపు కూర్చోండి. కుట్టుపని చేసేవాళ్ళకీ, ముత్యాలు గుచ్చేవాళ్ళకీ, మందు సీసా మీద అక్షరాలు చదవలేక పిల్లల్ని పిలిచేవాళ్ళకీ పనికొచ్చే సంగతులే ఇవి.

ముందు నా గొడవ కొంచెం చెప్పుకోవాలి. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేరు. మనలో చాలామంది కథే ఇది. ఇరవై ఏళ్ళుగా న్యూజెర్సీలో కంపైలర్లతో కాపురం. చేత్తో పట్టుకునే వస్తువు ఒక్కటీ చెయ్యలేదే అన్న దిగులు ముప్ఫై ఎనిమిదో ఏట పట్టుకుంది. కొందరికి అప్పుడు స్పోర్ట్స్ కారు కొనబుద్ధి అవుతుంది. నాకు బిట్రగుంట కట్టబుద్ధి అయ్యింది.

బిట్రగుంట తెలియనివాళ్ళు చేతులెత్తండి. సరే, చాలామందే ఉన్నారు. నెల్లూరు జిల్లాలో, కావలికీ నెల్లూరుకీ మధ్య ఉన్న రైల్వే ఊరది. ఆవిరి ఇంజన్ల కాలంలో అక్కడ పెద్ద లోకోషెడ్డు ఉండేది. మా నాన్న అక్కడే ఫైర్‌మన్‌గా చేరి బొగ్గు వేశారు. ఆ తర్వాత డ్రైవరయ్యి, కరెంటు ఇంజన్లకి మారి, బెజవాడలో రిటైరయ్యారు. నా చిన్నతనం అంతా ఆ షెడ్డు పొగ, ఆ కూత. ఆ షెడ్డుని, రెండు పట్టాల్ని, స్టేషన్ బోర్డుని, ఒక డబ్ల్యూపీ ఇంజన్ని మా బేస్‌మెంట్లో ఒక బల్ల మీద కట్టాలని సంకల్పం.

డబ్ల్యూపీ అంటే ముందు భాగం బుల్లెట్‌లా మొనదేలి, దాని మీద నక్షత్రం ఉండే మెయిలు బండి ఇంజను. మొదటి పదహారూ 1947లో ఫిలడెల్ఫియా పక్కన బాల్డ్విన్ కంపెనీలో తయారై ఓడలో ఇండియా వెళ్ళాయి. మా ఇంటికి గంటన్నర డ్రైవు! మా నాన్న ఏ ఊరి ఇంజనుకి బొగ్గు వేశారో ఆ ఊరి పక్కకే నేను ఉద్యోగానికి వచ్చానన్నమాట.

నేను ఎంచుకున్నది హెచ్‌ఓ స్కేలు, అంటే 1:87. అసలు వస్తువులో 87 మిల్లీమీటర్లు ఇక్కడ ఒక్క మిల్లీమీటరు. ఇంజనూ టెండరూ కలిపి జానెడు పైచిలుకు. అంగుళం వెడల్పున్న రివెట్టు తల మూడు పదుల వంతు మిల్లీమీటరు కూడా రాదు. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు కాబట్టి పట్టాల మధ్య 19.2 మిల్లీమీటర్లు ఉండాలి. షాపులో రెడీమేడ్‌గా దొరికే హెచ్‌ఓ పట్టా 16.5. అంచేత పట్టా మొత్తం చేత్తో వేసుకోవాల్సిందే. స్లీపరు స్లీపరుకీ మేకులు కొట్టి, గేజి పెట్టి చూసుకుంటూ పది అడుగుల పట్టా వెయ్యడానికి నాకు ఒక చలికాలం పట్టింది. ఈ పట్టా సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

అయిదేళ్ళు బాగానే సాగింది. నలభై మూడో ఏట చెయ్యి వణకడం మొదలైంది. కత్తితో ఒక గీత మీద కొయ్యబోతే పక్కన పడేది. ఒకరోజు బొటనవేలు కోసుకుని మూడు కుట్లు వేయించుకున్నాను. వెనక మా ఆవిడ కాఫీ ఎక్కువైందంది, మా అక్క ఫోన్లో నరాల బలహీనత అంది. మొత్తం సామానంతా అట్టపెట్టెల్లో కట్టేసి ఎనిమిది నెలలు దాని జోలికి పోలేదు. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ ఆ ఎనిమిది నెలలూ నాకు ఏదో పెద్ద జబ్బు వచ్చిందని రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు.

చివరికి డ్రైవింగ్ లైసెన్సు కోసం కళ్ళు చూపించుకుంటే డాక్టరు చెప్పింది ఒక్కటే మాట. చెయ్యి వణకడం లేదు, మీకు కనపడడం లేదు అని. కంటికి సరిగ్గా ఆననిదాన్ని చెయ్యి వెతుక్కుంటుంది, ఆ వెతుకులాటే వణుకులా తోస్తుంది. మన పెద్దవాళ్ళు దీనికి చత్వారం అని పేరు పెట్టనే పెట్టారు. చత్వారింశత్ అంటే నలభై. పేరులోనే వయసుంది, నేను చదువుకోలేదంతే.

ఆ మర్నాటి నుంచి భూతద్దాల వేట. నాలుగేళ్ళలో ఏడు కొన్నాను. అందులో నాలుగు దండగ. ఎందుకు దండగో చెబితే మీకు ఆ డబ్బులు మిగులుతాయి.

మొదటిది, పెట్టె మీద "20 రెట్లు" అని రాసి ఉంటే కొన్నాను. బల్లకి బిగించుకునేది, అయిదంగుళాల అద్దం, చుట్టూ లైటు. రెండు రెట్లు కూడా పెంచలేదు. ఇంజనీరింగ్ చదివినవాడిని, కొనేముందు పదో తరగతి ఫిజిక్సు గుర్తు తెచ్చుకోవలసింది. తెలుగు మీడియం వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, కుంభాకార కటకం, నాభ్యంతరం. కటక సామర్థ్యం డయాప్టర్లలో చెబుతాం. ఒక మీటరుని నాభ్యంతరంతో భాగిస్తే వచ్చేదే డయాప్టరు. 5 డయాప్టర్ల అద్దం నాభ్యంతరం 20 సెంటీమీటర్లు. ఎన్ని రెట్లు పెంచుతుందో తెలియాలంటే డయాప్టర్లని నాలుగుతో భాగించి ఒకటి కలపాలి. 3 డయాప్టర్లయితే ఒకటిముప్పావు, 5 అయితే రెండుంపావు. ఆ ఒకటి కలపడం కూడా అద్దం కంటికి దగ్గరగా ఉన్నప్పుడే న్యాయం. అమ్మేవాళ్ళు ఎప్పుడూ కలుపుతారు.

ఇప్పుడు వెనక్కి లెక్కెయ్యండి. నిజంగా ఇరవై రెట్లు పెంచే అద్దం నాభ్యంతరం సెంటీమీటరుంపావు ఉంటుంది. వస్తువుకీ అద్దానికీ మధ్య సెంటీమీటరుంపావు! అందులో నా కత్తెక్కడ పెట్టను, పట్టకారెక్కడ పెట్టను? పైగా ఆ అద్దం శనగగింజంత ఉంటుంది. మనూళ్ళో గడియారాల షాపాయన కంటికి బిగించుకునే నల్ల డొప్ప అలాంటిదే. చూడడానికి దివ్యంగా ఉంటుంది, దాని కింద రంగు వెయ్యడం మాత్రం మనవల్ల కాదు. అరచెయ్యంత అద్దం పెట్టి ఇరవై రెట్లన్నారంటే ఆ పెట్టె కింద పెట్టేసి వచ్చెయ్యండి.

రెట్లు పెరిగేకొద్దీ మూడు నష్టాలు. చెయ్యి పెట్టుకునే జాగా తగ్గుతుంది, కనపడే మేర తగ్గుతుంది, లోతు తగ్గుతుంది. రివెట్టు స్పష్టంగా ఉంటే దాని వెనకున్న పైపు మసక. అందుకని నేను రెట్లు అడగడం మానేశాను. నా చేతులకీ, పనిముట్లకీ ఎంత దూరం కావాలి అని ముందు స్కేలు పెట్టి కొలుచుకుంటాను. కత్తి పనికి కనీసం ఎనిమిదంగుళాలు, రంగు పనికి పది, ఊరికే చూసుకోవడానికి నాలుగైనా చాలు. దాన్నిబట్టి అద్దం అదే తేలుతుంది.

నెత్తికి పెట్టుకునే రకం ఉంది. కాన్సస్‌లో డోనెగన్ అనే కంపెనీ చేసే ఆప్టివైజర్ ఇందులో పాతకాపు. తలకి పట్టీ, ముందు గాజు కటకాల పలక. పలకలు నంబర్లతో అమ్ముతారు. 3వ నంబరు ఒకటిముప్పావు రెట్లు, పద్నాలుగంగుళాల దూరం. 4వది రెండు రెట్లు, పదంగుళాలు. 10వది మూడున్నర రెట్లు, నాలుగంగుళాలు. చూశారా, ఆ నంబరు డయాప్టరే. నేను కొన్న దండగల్లో రెండోది ఆ పదో నంబరే. నాలుగంగుళాల దూరంలో తల వంచి అరగంట కూర్చుంటే మర్నాడు ఆఫీసులో మెడ తిరగలేదు. ఇప్పుడు నూటికి తొంభైపాళ్ళు 4వ నంబరుతోనే పని. ఒక్క మాట. ప్రోగ్రెసివ్ కళ్ళద్దాలు ఉన్నవాళ్ళు వాటి మీద దీన్ని పెట్టుకుంటే కింద భాగంలోంచి చూడడం అలవాటు కాబట్టి ఆ పవరూ ఈ పవరూ కలిసి దూరం ఇంకా తగ్గిపోతుంది. దూరపు చూపు కళ్ళద్దాలు ఉత్తవి ఒక జత ఉంచుకుని వాటి మీద పెట్టుకోండి.

గాజా, ప్లాస్టిక్కా అని అడుగుతారు. ప్లాస్టిక్ తేలిక, మెడకి సుఖం. కానీ మోడళ్ళు అతికించే జిగురు ఒక్క చుక్క పడితే అద్దం మీద తెల్లమచ్చ, అది చచ్చినా పోదు. చొక్కా అంచుతో తుడిస్తే గీతలు. గాజుకే నా ఓటు.

ఇక లైటు. నన్నడిగితే భూతద్దం చేసే పనిలో సగం లైటే చేస్తుంది. వెలుతురు బాగా ఉంటే కంటిపాప చిన్నదవుతుంది, చిన్నదైతే దగ్గరివీ దూరంవీ రెండూ తేరుగా కనిపిస్తాయి. వయసు మీరేకొద్దీ కంటిలోపలి కటకం పసుపు తిరిగి లోపలికి వెళ్ళే వెలుతురే తగ్గిపోతుంది. ఏ అద్దమూ కొనకముందు ఒక మంచి టేబుల్ లైటు కొని ఒక వారం చూడండి. కొందరికి అక్కడితోనే సరిపోతుంది.

ఒకప్పుడు ఈ బల్ల దీపాల్లో గుండ్రటి ట్యూబులైటు ఉండేది, సన్నగా జుమ్మంటూ. ఇప్పుడన్నీ ఎల్ఈడీలే. కొనేటప్పుడు రెండంకెలు చూడండి. ఒకటి రంగుల నిజాయితీ చెప్పే సీఆర్ఐ, 90 దాటాలి. రెండోది కెల్విన్లు, 5000 ప్రాంతం పగటి వెలుతురుకి దగ్గర. ఇవి చూసుకోకే టెండరుకి నెలరోజులు కూర్చుని వేసిన పచ్చరంగు పొద్దున కిటికీ దగ్గర చూస్తే నీలంలోకి తిరిగింది. పసుపు బల్బు కింద వేశాను మరి. మళ్ళీ గీకి మళ్ళీ వేశాను.

అద్దం చుట్టూ గుండ్రంగా లైటుంటే నీడ పడదు, చాలా మంచిది అని ప్రకటనల్లో రాస్తారు. మాకు అదే శత్రువు. నీడ లేకపోతే రివెట్లు మాయమైపోతాయి! ఎత్తుపల్లాలు తెలిసేది నీడతోనే కదా. ఎడమవైపు, కుడివైపు దీపాలు విడివిడిగా ఆపుకోగలిగేది దొరికితే అది తీసుకోండి. లేదంటే గుండ్రటిది ఆర్పేసి పక్కన చిన్న దీపం ఏటవాలుగా పెట్టుకోండి. మా స్టేషన్ బోర్డు అలాగే రాశాను. పసుపు పలక మీద నల్ల అక్షరాలతో, తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో బిట్రగుంట. ఇంగ్లీషు ఒక్క పూటలో అయిపోయింది. హిందీకి రెండు పూటలు. తెలుగులో ఆ "ట్ర" ఉంది చూశారూ, ట కింద ఆ వంపు, మిల్లీమీటరు లోపల తిప్పాలి. పదకొండు సార్లు చెరిపాను. మన లిపి గుండ్రంగా ముద్దుగా ఉంటుందని సభల్లో చెప్పుకుంటాం. ఒకసారి 1:87లో రాసి చూడండి.

మర్చిపోయే ముందు ఇంకొక సంగతి, ఇది నవ్వులాట కాదు. ఒక జనవరి ఆదివారం నేను భూతద్దానికి మూత వెయ్యకుండా భోజనానికి వెళ్ళాను. అప్పట్లో పని మేడమీద దక్షిణం కిటికీ గదిలో. చలికాలంలో సూర్యుడు కిందుగా ఉంటాడు కాబట్టి ఎండ గదిలోకి దూరంగా వస్తుంది. అద్దం దాన్ని పోగుచేసి బల్ల మీద ఒక చుక్కగా పెట్టింది. వాసన వచ్చి మా అబ్బాయి కేకేస్తే పరిగెత్తాను. రబ్బరు చాప మీద నల్లటి గాడి, ఒక గూడ్సు పెట్టె కప్పు జంతికలపిండిలా కుంగిపోయింది, పక్కన ఉన్న కాగితం అంచు ఎర్రగా రాజుకుంటోంది. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే ఇన్సూరెన్సువాడికి కథ చెప్పుకోవలసి వచ్చేది. ఆ వారమే దుకాణం బేస్‌మెంట్‌కి మార్చేశాను. కిటికీ ఉన్న గదిలో వాడేవాళ్ళు మూత ఉన్న దీపమే కొనండి, ఆ మూత వెయ్యండి.

ఇప్పుడు ఆ పట్టా దగ్గరికి వస్తాను.

రెండేళ్ళ క్రితం వేసవిలో మా నాన్న వచ్చారు. డెబ్భై ఆరేళ్ళు. రైల్వేలో డ్రైవరంటే ఏ-వన్ చూపు ఉండాలి, అన్నేళ్ళు ప్రతి మెడికల్‌లోనూ పాసైన కళ్ళు తనవని ఆయనకి గొప్ప. బేస్‌మెంట్లోకి తీసుకెళ్ళి, దీపం వేసి, కుర్చీలో కూర్చోబెట్టాను. ఇంజను చూశారు, షెడ్డు చూశారు, ఏమీ అనలేదు. గొంతు సవరించుకున్నారు. తర్వాత లైను మేస్త్రీలు చూసినట్టు ఎడమ కన్ను మూసి, వంగి, పట్టా వెంబడి ఒంటికన్నుతో చూశారు. చూసి, "ఏందిరా అబ్బయా, పట్టా ఈడ వొంకరబోయిందే" అన్నారు.

నాకు కొంచెం కష్టమేసింది. చలికాలమంతా వేసిన పట్టా కదా. స్టీలు స్కేలు ఆనించి చూపించాను, సూటిగా ఉంది. ఆయన భూతద్దంలోంచి చూశారు. అప్పుడూ వంకరే అన్నారు. అప్పుడు నాలో ఇంజనీరు లేచాడు. "నాన్నా, ఇలాంటి అద్దంలో అంచుల దగ్గర గీతలు వంగినట్టు కనపడతాయి, అది కటకం గుణం, మధ్యలో పెట్టి చూడండి" అని పాఠం చెప్పాను. అద్దాల అంచుల్లో వంపు ఉండే మాట నిజమే, మీరు కొనేటప్పుడు గళ్ళ కాగితం మీద పెట్టి చూసుకోవాలి కూడా.

"నడిమధ్యనే వొంకరరా. అంచుల్లో బాగుండాది" అన్నారాయన.

ఆ మాటతోనే నాకు తెలియాల్సింది. తెలియలేదు. అద్దం చవకరకం అనుకున్నాను. నిజం చెప్పాలంటే, నా పనికి వంక పెడుతున్నారని మనసులో చిన్న కోపం కూడా ఉంది. దీపం ఆర్పేసి పైకి వచ్చేశాం.

పన్నెండు రోజుల తర్వాత ఒక పొద్దున కాఫీ తాగుతూ ఆయన ఒక కన్ను మూసి, తెరిచి, ఇంకో కన్ను మూసి కిటికీ వైపు చూస్తున్నారు. మా ఇంటి కిటికీలకి అడ్డపట్టీల బ్లైండ్సు ఉంటాయి. నన్ను పిలిచి, "అబ్బయా, ఈ పట్టీలు గూడా నువ్వే ఏసినావా?" అన్నారు.

ఆ రోజు మధ్యాహ్నానికే రెటీనా డాక్టరు దగ్గరున్నాం. కంటి వెనక తెర నడిమధ్యలో, సూటిచూపుకి ఆధారమైన చోట, ఉండకూడని రక్తనాళాలు పుట్టి ద్రవం కారుతోందన్నారు. వయసుతో వచ్చే మాక్యులా జబ్బులో తడి రకం. గళ్ళ కాగితం ఒకటి ఇచ్చారు, మధ్యలో చుక్క ఉంటుంది, ఆమ్స్‌లర్ గ్రిడ్ అంటారు. ఒక్కో కన్నూ విడిగా మూసి చుక్కనే చూస్తే గీతలు వంగాయా లేదా అని తెలుస్తుంది. మా నాన్న ఆ పరీక్ష నా పట్టాల మీద ముందే చేసేశారన్నమాట. రెండు కళ్ళూ తెరిచి చూస్తే బాగున్న కన్ను లోపమున్నదాన్ని కప్పేస్తుంది, అందుకే అన్నాళ్ళు ఎవరికీ తెలియలేదు.

కంట్లోకి ఇంజెక్షన్ ఇస్తారు. విననివాళ్ళకి భయంగా ఉంటుంది గానీ, మొద్దుబార్చి చేస్తారు, పది నిమిషాల పని. మొదటిది ఇక్కడే చేయించాం. సందర్శకుల ఇన్సూరెన్సు కంపెనీ ఇది ముందునుంచీ ఉన్న జబ్బని చెయ్యి దులుపుకుంది, ఆ సంగతి ఇంకో సభకి. తర్వాత టిక్కెట్టు ముందుకి జరిపించి హైదరాబాదు తీసుకెళ్ళాను, ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో మిగిలినవి. జబ్బు ఆగింది. కుడి కంట్లో నడుమ కొంచెం మసక మాత్రం ఉండిపోయింది. ఆ పన్నెండు రోజులు ముందే వెళ్ళి ఉంటే ఆ మసక కూడా ఉండేది కాదా అని డాక్టరుని అడిగాను. చెప్పలేం అన్నారు. ఇలాంటివాటిలో ఎంత తొందరగా వస్తే అంత మంచిది అని మాత్రం అన్నారు.

ఇప్పుడు నా భూతద్దాల్లో మంచిది ఒకటి ఆయన దగ్గరుంది. 3 డయాప్టర్లు, పెద్ద అద్దం, పక్కదీపం. పొద్దున పేపరు దానికిందే. మీలో ఎవరైనా ఇక్కడ కొని అమ్మానాన్నలకి తీసుకెళ్ళేట్టయితే ప్లగ్గు దగ్గరి అడాప్టర్ మీద 100–240 వోల్టులని రాసి ఉందో లేదో చూడండి. ఉంటే ప్లగ్గు మార్చుకుంటే చాలు. నేను అంతకుముందు మా పిన్నికి తీసుకెళ్ళిన పాత ట్యూబులైటు దీపానికి అది లేదు. పెట్టగానే ఢామ్మంది. పిన్ని ఇప్పటికీ ఆ సంగతి పెళ్ళిళ్ళలో చెబుతుంది.

టైమయిందని అధ్యక్షులవారు చీటీ పంపారు. చిన్న అక్షరాల్లో రాశారు, పాపం. వెనక బల్ల మీద మూడు రకాల భూతద్దాలూ, పక్కదీపమూ, స్టేషన్ బోర్డూ పెట్టాను. పనిముట్లు చేతిలో పట్టుకునే చూడండి, ఊరికే కళ్ళు పెడితే తేడా తెలియదు. గళ్ళ కాగితాలు ఒక యాభై అచ్చు వేయించి తెచ్చాను, తలా ఒకటి తీసుకెళ్ళి ఇంట్లో పెద్దవాళ్ళకి ఇవ్వండి. దగ్గరి చూపు కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కో కన్నూ విడిగా. మా నాన్న నిన్న రాత్రి ఫోన్లో అడిగారు, బోర్డు సభకి తీసుకెళ్తున్నావా అని. తీసుకెళ్తున్నానన్నాను. ట్ర కింద వంపు ఇంకొంచెం లావుగా ఉండాలంటున్నారు. నిజమే, నేనూ చూశాను. ఇంటికెళ్ళాక పన్నెండోసారి చెరపాలి.